మగ్గం అట్ట, ఒంటి కొటేషన్, మన లాగిన్ తలుపు

(వార్షికోత్సవ సభలో సమాఖ్య కంప్యూటర్ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన విషయం పేరు వింటే సగం మంది చాయ్ తాగడానికి లేస్తారని మాకు తెలుసు. "లాగిన్ పేజీని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ నుంచి కాపాడుకోవడం." ఇదేదో కంప్యూటర్ చదివిన పిల్లల గొడవ, మనకెందుకు అనిపిస్తుంది. కానీ పెద్దలారా, ఇది మన ఆడపిల్లల ఫోటోల గొడవ. మన ఇంటిపేర్ల, ఫోన్ నంబర్ల, బ్యాంకు ఖాతాల గొడవ. అందుకే కాసేపు ఓపిక పట్టమని అడుగుతున్నాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. తర్వాత అది ఎట్లా జరిగిందో, ఎట్లా సరిచేశామో చెప్తాం.

మన సమాఖ్య వెబ్‌సైట్ మీకందరికీ తెలుసు. మొదట్లో అందులో పండగ శుభాకాంక్షలు, కార్యవర్గం ఫోటోలు తప్ప ఏమీ లేవు. తర్వాత వధూవరుల పరిచయ వేదిక పెట్టాం. నాలుగు రాష్ట్రాల్లో, యానాంలో చెదిరిపోయిన వాళ్లం, సంబంధాలు కుదరాలంటే ఒక చోట కలవాలి కదా. పిల్ల పేరు, గోత్రం, చదువు, జీతం, ఫోటో, తండ్రి ఫోన్ నంబర్ అన్నీ అందులోకి చేరాయి. ఆ తర్వాత పేద విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెట్టాం. వాటితో బ్యాంకు ఖాతా వివరాలు, ఆధార్ కాపీలు కూడా చేరాయి. సైట్ చేసింది మన పిల్లవాడే. రూపాయి తీసుకోకుండా, రాత్రిళ్లు మేలుకొని చేశాడు. అతన్ని మేము ఈ రోజు కూడా తప్పు పట్టం. చేయించుకున్న మేమే ఆ తర్వాత మళ్లీ ఒక్కసారి కూడా ఆ సైట్ తలుపు గట్టిగా ఉందా అని చూడలేదు.

ఒక ఆదివారం రాత్రి మన కుటుంబాల్లోదే, కాలేజీలో కంప్యూటర్లు చదువుతున్న ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. "కాకా, కోపం చేసుకోకండి. నేను పాస్‌వర్డ్ మర్చిపోయి ఏదో ప్రయత్నిస్తుంటే అడ్మిన్ ఖాతాలోకి పోయాను. అందరి వివరాలూ కనబడుతున్నాయి. నేనేమీ తీసుకోలేదు, వెంటనే బయటకొచ్చాను. సైట్ మూసేయండి" అన్నాడు.

నిజం చెప్తున్నాం, మా మొదటి మాట "థ్యాంక్స్" కాదు. "నీకెవరు చెప్పారు లోపలికి పొమ్మని?" అన్నాం. పోలీసులకు చెప్దామని కూడా ఒకరన్నారు. తెల్లారేసరికి చల్లబడి, అతన్నే పిలిచి కూర్చోబెట్టుకున్నాం. అతను మా ముందే చేసి చూపించాడు. పాస్‌వర్డ్ గడిలో ఒక చిన్న ఒంటి కొటేషన్ గుర్తు, దాని తర్వాత నాలుగు అక్షరాలు. అంతే, తలుపు తెరుచుకుంది. గల్లాపెట్టెకు తాళం వేశామనుకున్నాం. అది తాళం బొమ్మ మాత్రమే.

ఇప్పుడు ఇది ఎట్లా జరుగుతుందో చెప్తాం. దీనికి ముందు మగ్గం దగ్గరికి పోదాం, ఎందుకంటే మనవాళ్లకు ఇది ఇంజనీర్ల కన్నా తేలిగ్గా అర్థమవుతుంది.

జకార్డ్ మగ్గం మీద పని చేసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. అట్టలో చిల్లు ఉన్న చోట సూది లోపలికి పోతుంది, కొక్కెం నిలబడుతుంది, ఆ పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేని చోట సూది వెనక్కి నెట్టబడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు కిందనే ఉంటుంది. అంటే ఏ పోగు లేవాలో చెప్పేది అట్ట. అది ఆజ్ఞ. పేకగా ఏ రంగు నూలు వేస్తామన్నది మన ఇష్టం. అది సరుకు. ఎర్ర నూలు వేసినా, జరీ వేసినా అంచు మీద నెమలి నెమలిగానే వస్తుంది. నూలుకు అట్ట మీద చిల్లు పొడిచే అధికారం లేదు.

ఫ్రాన్సులోని లియోన్ పట్టణం నేతకారుడు జోసెఫ్ మరీ జకార్డ్ 1804 నాటికి ఈ పద్ధతిని నిలబెట్టాడు. ఆ చిల్లుల అట్టలనే తర్వాత లెక్కల కోసం వాడారు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులతో, యంత్రాలతో తేల్చాడు. అతని కంపెనీ ఇంకొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. అదే ఐబీఎంలో 1970లో ఎడ్గర్ కాడ్ అనే ఆయన సమాచారాన్ని పట్టికలుగా దాచుకునే సిద్ధాంతం రాశాడు. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నలడిగే భాషను ప్రకటించారు. ఆ భాషే ఈ రోజు ఎస్‌క్యూఎల్. చూశారా, మన మగ్గం అట్టకూ ఈ ఎస్‌క్యూఎల్‌కూ దూరపు చుట్టరికం ఉంది.

మన సైట్ వెనకాల కూడా అట్లాంటి పట్టిక ఉంది. మీరు పేరు, పాస్‌వర్డ్ కొట్టి బటన్ నొక్కితే, సైట్ ఆ పట్టికను ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ భాషలో ఇంగ్లీషు మాటలుంటాయి, మేము తెలుగు చేసి చెప్తున్నాం:

పట్టికలో వెతుకు: పేరు = 'లక్ష్మి' మరియు పాస్‌వర్డ్ = 'మామిడి7'

అట్లాంటి వరుస దొరికితే లోపలికి రానిస్తుంది. దొరక్కపోతే "తప్పు" అంటుంది. ఒంటి కొటేషన్ గుర్తులు ఎందుకున్నాయి? "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా సరుకు, మిగిలింది ఆజ్ఞ" అని చెప్పడానికి. తప్పంతా ఇక్కడే జరిగింది. మన పాత సైట్ మీరు కొట్టిన అక్షరాలను అట్లాగే తీసుకొని, ఆ వాక్యం మధ్యలో అతికించి, మొత్తాన్ని ఒకే ముక్కగా పట్టికకు పంపేది. అంటే వచ్చిన నూలును బట్టి ప్రతిసారీ కొత్తగా అట్ట పొడిచినట్టు. ఇప్పుడు ఒక దొంగ పాస్‌వర్డ్ గడిలో తనే ఒక కొటేషన్ గుర్తు కొడితే?

పట్టికలో వెతుకు: పేరు = 'ఎవరో' మరియు పాస్‌వర్డ్ = '' లేదా '1'='1'

దొంగ కొట్టింది ఇంతే: ' లేదా '1'='1. అతని కొటేషన్ సరుకును అక్కడే ముగించింది. ఆ తర్వాత వచ్చిన "లేదా" ఆజ్ఞ అయిపోయింది. ఈ భాషలో ముందు "మరియు" లెక్క తేలుస్తారు, తర్వాత "లేదా". ఒకటి ఒకటికి సమానం అనేది ఎప్పుడూ నిజమే. కాబట్టి ప్రతి వరుసా సరిపోయినట్టే. పట్టిక మొత్తం వరుసలు ఇచ్చేస్తుంది. సైట్ మొదటి వరుసను తీసుకొని "రండి" అంటుంది. చాలా సైట్లలో మొదటి వరుస ఎవరిది? అందరికన్నా ముందు చేరిన అడ్మిన్‌ది.

ఇంకో దారి. పేరు గడిలో ఇట్లా కొడతాడు: అడ్మిన్' తర్వాత ఒక ఖాళీ, రెండు చిన్న గీతలు, ఇంకో ఖాళీ. ఈ భాషలో ఆ రెండు గీతల తర్వాత ఉన్నది రాసుకున్నవాడి గుర్తు కోసమేనని పట్టిక చదవడం మానేస్తుంది. అంటే పాస్‌వర్డ్ సరిచూసే భాగమే మాయమైపోతుంది. పేరు తెలిస్తే చాలు.

దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. సరుకు ఉండాల్సిన చోట ఆజ్ఞను సూదితో ఎక్కించడం. లాగిన్ గడి ఒక్కటే దారి కాదు. వెతికే గడి, పాస్‌వర్డ్ మర్చిపోయాను అనే పేజీ, దరఖాస్తు ఫారం, చిరునామా వరుసలో కనబడే నంబర్, ఇట్లా బయటి అక్షరం ఎక్కడ లోపలి ప్రశ్నలో కలుస్తుందో అదంతా తలుపే. లోపలికి రానక్కరలేకుండా, వెతికే గడి నుంచే పట్టికలు మొత్తం తోడుకుపోవచ్చు. పేజీ మీద ఏమీ కనబడకపోయినా, "అవును, కాదు" ప్రశ్నలు వేలసార్లు అడిగి అక్షరం అక్షరం లాగొచ్చు. అది మనిషి చేతితో చేయడు, ప్రోగ్రామ్ చేస్తుంది.

"మనది చిన్న సంఘం, మన సైట్ ఎవడికి కావాలి?" అని మేమూ అనుకున్నాం. ఆ ప్రోగ్రామ్‌లు పేరు చూసి రావు. రాత్రంతా వీధిలో ప్రతి తలుపూ నెట్టి చూసుకుంటూ పోయే దొంగలాంటివి. తెరుచుకున్నదే వాటికి కావాల్సిన ఇల్లు.

ఇది కొత్త రోగం కూడా కాదు. 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే కంప్యూటర్ పత్రికలో జెఫ్ ఫారిస్టల్ అనే ఆయన దీన్ని వివరించి రాశాడు. పాతికేళ్లు దాటింది. అయినా పెద్దపెద్ద వాళ్లే పడిపోయారు. అమెరికాలో హార్ట్‌ల్యాండ్ అనే చెల్లింపుల కంపెనీ నుంచి 2008లో సుమారు 13 కోట్ల కార్డుల వివరాలు పోయాయి, అక్కడ దారి తెరిచింది ఇదే పద్ధతి. ఆ ముఠా నాయకుడు ఆల్బర్ట్ గొంజాలెజ్‌కు 2010లో 20 ఏళ్ల జైలు పడింది. 2009 డిసెంబరులో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు ఇట్లాగే పోయాయి. అవి ఏ ముసుగూ లేకుండా, కొట్టినవి కొట్టినట్టే దాచి ఉన్నాయి.

మన కథకు దగ్గరగా ఉన్నది బ్రిటన్‌లోని టాక్‌టాక్ అనే ఫోన్ కంపెనీ కథ. 2015 అక్టోబరులో 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు పోయాయి. అందులో 15,656 మంది బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉన్నాయి. దొంగ దూరింది కొత్త సైట్‌లో నుంచి కాదు. ఎప్పుడో ఇంకో కంపెనీని కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన, అందరూ మర్చిపోయిన పాత పేజీల్లో నుంచి. అక్కడి ప్రభుత్వ సమాచార కమిషనర్ కార్యాలయం 2016లో 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఈ దాడి ఎట్లా జరుగుతుందో, ఎట్లా ఆపాలో అందరికీ తెలిసిందే, తెలిసీ చేయలేదు అన్నదే అక్కడ తేలిన తప్పు. ఆ కేసులో తప్పు ఒప్పుకున్నవాళ్లలో ఒకడు 17 ఏళ్ల కుర్రాడు.

ఇప్పుడు మందు చెప్తాం. మగ్గం దగ్గర మనకు తెలిసిన మందే. అట్టను ముందే పొడిచి, కుట్టి, మగ్గం మీదికి ఎక్కించేయాలి. నూలు తర్వాత రావాలి.

దీన్ని కంప్యూటర్ వాళ్లు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు. సైట్ ముందుగా ఖాళీతో ఉన్న వాక్యాన్ని పంపుతుంది:

పట్టికలో వెతుకు: పేరు = ?

పట్టిక దాన్ని చదివి, అర్థం చేసుకొని, ఆజ్ఞను ఖాయం చేసుకుంటుంది. అట్టలు కుట్టడం అయిపోయింది. ఆ తర్వాతే, వేరే దారిలో, మీరు కొట్టిన పేరు వస్తుంది. అందులో కొటేషన్ ఉన్నా, రెండు గీతలున్నా, "లేదా" ఉన్నా అది నూలే. "' లేదా '1'='1" అనే పేరు గల మనిషి ఉన్నాడా అని వెతుకుతుంది. లేడు. "తప్పు" అంటుంది. అంతే. పీహెచ్‌పీ, జావా, పైథాన్, డాట్‌నెట్, ఏ భాషలో సైట్ చేసినా ఈ సౌకర్యం ఉంది, ఖర్చు లేదు. పీహెచ్‌పీలో వాక్యాలు అతికించి పంపడానికి అలవాటైన పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015లో వచ్చిన 7వ వెర్షన్ నుంచే తీసేశారు. మీ సైట్ ఇంకా వాటితో నడుస్తోందంటే అది అంతకన్నా పాత ఇంట్లో ఉన్నట్టు.

ఒక్క చోట ఈ మందు పనిచేయదు, అది మేము కూడా ఆలస్యంగా తెలుసుకున్నాం. సంబంధాల పేజీలో "వయసు వారీగా, ఊరు వారీగా, చదువు వారీగా చూపు" అని ఉంది కదా. అక్కడ మారేది విలువ కాదు, గడి పేరు. గడి పేరు దగ్గర ఆ ప్రశ్న గుర్తు పెట్టడం కుదరదు. అక్కడ ఒక చిన్న జాబితా రాసుకోవాలి. వయసు, ఊరు, చదువు, ఈ మూడింట్లో ఒకటైతేనే తీసుకో, ఇంకేదొచ్చినా వద్దు అని.

ఇక్కడ మనవాళ్లు సామాన్యంగా చేసే పొరపాట్లు రెండు చెప్పాలి.

మొదటిది, కొటేషన్ గుర్తునే నిషేధించడం. మేమూ మొదట అదే చేద్దామనుకున్నాం. ముంబైలో, మంగళూరులో డి'సౌజా అనే పేరుగల వాళ్లు మనకు స్నేహితులు లేరా? యానాం ఫ్రెంచి కాలం నాటి కాగితాల్లో అట్లాంటి గుర్తున్న పేర్లుండవా? వాళ్లేం పాపం చేశారు? పైగా కొటేషన్ తీసేసినా నంబర్ గడుల్లో దొంగకు కొటేషన్ అవసరమే లేదు. ఇంకొకరు "ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే తీసుకుందాం" అన్నారు. అప్పుడు తెలుగులో, మరాఠీలో, తమిళంలో, ఒడియాలో పేరు కొట్టే మన పెద్దలు బయటే నిలబడతారు. సరిచూడటం మంచిదే. ఫోన్ నంబర్ గడిలో 10 అంకెలే ఉండాలి, పుట్టిన తేదీ తేదీలాగే ఉండాలి. కానీ అది రెండో గొళ్లెం. అసలు తాళం ప్రిపేర్డ్ స్టేట్‌మెంటే.

రెండోది, సరిచూసే పని మీ ఫోన్‌లో, బ్రౌజర్‌లో పెట్టి వదిలేయడం. ఎర్ర అక్షరాల్లో "తప్పు నంబర్" అని వస్తే మనం ఆగుతాం. దొంగ ఆ పేజీనే వాడడు, నేరుగా సర్వర్‌కు పంపుతాడు. వాకిట్లో ముగ్గు వేస్తే దొంగ ఆగడు కదా.

ఇక తలుపు ఎప్పుడైనా విరిగినా లోపల నష్టం తక్కువగా ఉండేటట్టు చేసిన పనులు:

ఒకటి, పాస్‌వర్డ్‌లు. మన పాత పట్టికలో అవి కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది. ఇప్పుడు ఒక్కటి కూడా అట్లా లేదు. బీక్రిప్ట్ అనే పద్ధతిలో దాన్ని పిండి చేసి దాస్తున్నాం. బియ్యం పిండి అవుతుంది కానీ పిండి మళ్లీ బియ్యం కాదు. ఒక్కొక్కరి పిండిలో వేరువేరు ఉప్పు కలుపుతారు, దాన్ని కంప్యూటర్ వాళ్లూ సాల్ట్ అనే అంటారు. కాబట్టి ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా పట్టికలో ఒకేలా కనబడదు. మీరు లాగిన్ అయినప్పుడు పేరుతో వరుస తీసి, మీరు కొట్టినదాన్ని అదే ఉప్పుతో మళ్లీ పిండి చేసి పోల్చి చూస్తుంది. ఎవరైనా ఫోన్ చేసి "నా పాస్‌వర్డ్ ఏంటో చెప్పండి" అంటే మేము చెప్పలేం. కొత్తది పెట్టుకోమనడమే మా చేతిలో ఉంది. దీనికి కోపగించుకోకండి.

రెండు, అధికారం. దుకాణంలో చీరలు మడతపెట్టే కుర్రాడికి గల్లా తాళం ఇస్తామా? మన పాత సైట్ పట్టికల దగ్గరికి యజమాని హోదాలో పోయేది. చదవొచ్చు, మార్చొచ్చు, మొత్తం తుడిచేయొచ్చు. ఇప్పుడు సైట్‌కు కావాల్సినంత అధికారమే ఇచ్చాం. పట్టికలను తీసేసే హక్కు దానికి లేదు. ఆధార్ కాపీలైతే పని అయిపోయినవన్నీ తీసేశాం. లేని వస్తువును ఎవడూ దొంగిలించలేడు.

మూడు, తప్పు మాటలు. ముందు ఏదైనా తేడా వస్తే సైట్ పట్టికల పేర్లతో సహా పెద్ద ఇంగ్లీషు వాక్యం చూపించేది. అది దొంగకు దారి చూపించడం. ఇప్పుడు "పేరు గానీ పాస్‌వర్డ్ గానీ సరిపోలేదు" అని ఒక్క మాటే వస్తుంది. ఏది తప్పో చెప్పదు. అసలు వివరం మా లాగ్ పుస్తకంలోకి పోతుంది.

నాలుగు, వరసగా తప్పులు కొడితే కాసేపు ఆగమంటుంది. అడ్మిన్ ఖాతాలకు పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే ఓటీపీ కూడా కావాలి. సైట్ ముందు ఫైర్‌వాల్ పెట్టాం. అయితే అది గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది, వాచ్‌మన్ ఉన్నాడని తలుపు తీసి పడుకోం.

ఐదు, లాగ్‌లు, బ్యాకప్‌లు. ఇక్కడే మా పెద్ద బాధ ఉంది. ఆ అబ్బాయి కన్నా ముందు ఇంకెవరైనా ఆ తలుపులో నుంచి వచ్చారా? లాగ్‌లు తిరగేశాం. కొద్ది రోజులవే ఉన్నాయి. అంతకుముందు సంగతి మాకు ఇప్పటికీ తెలియదు. వచ్చారని చెప్పలేం, రాలేదని ప్రమాణమూ చేయలేం. ఇప్పుడు లాగ్‌లు ఏడాది పాటు వేరే చోట దాస్తున్నాం. బ్యాకప్ కూడా వేరే చోట ఉంది, అది తిరిగి పనిచేస్తుందో లేదో అప్పుడప్పుడు తెరిచి చూస్తున్నాం.

ఇక చెప్పాలా వద్దా అన్న సంగతి. సైట్ మూసిన మూడో రోజు కార్యవర్గం కూర్చుంది. "నలుగురికీ తెలిస్తే సమాఖ్య పరువు పోతుంది, సరిచేశాం కదా, ఊరుకుందాం" అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. అప్పుడు మహిళా విభాగం నుంచి ఒక అక్క లేచింది. "అన్నా, నా కూతురు ఫోటో, నా ఫోన్ నంబర్ అందులో ఉన్నాయి. రేపు ఎవడో ఫోన్ చేసి, సంబంధం ఉంది, ఐదు వేలు పంపమంటే నేను నమ్ముతాను, ఎందుకంటే వాడికి మా గోత్రం కూడా తెలిసి ఉంటుంది. మీరు చెప్పి ఉంటే నమ్మను. పోయేది మీ పరువా, మా పరువా?" అంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

మీ అందరికీ ఉత్తరం రాశాం. ఏం జరిగిందో, ఏ వివరాలు బయటపడి ఉండొచ్చో, పాస్‌వర్డ్ ఎందుకు మార్చుకోవాలో రాశాం. కొందరు పిల్లల వివరాలు తీసేయమన్నారు, తీసేశాం. కొందరు గట్టిగా తిట్టారు, పడ్డాం. కొందరు ఇప్పటికీ తిరిగి చేరలేదు. అది వాళ్ల హక్కు.

చట్టం కూడా ఇదే చెప్తోంది. సైబర్ దాడులను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో, ఇట్లాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లోపు తమకు తెలియజేయాలని ఉంది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, వివరాలు కాపాడే చర్యలు తీసుకోనివాళ్లకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసి ఉంది. ఇంకోవైపు, అనుమతి లేకుండా పరాయి సైట్‌లోకి దూరడం సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం. 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి తమ్ముళ్లారా, ఇందాక చెప్పిన కొటేషన్ గుర్తును పరాయి సైట్ల మీద పరీక్షించకండి. మీరు చేసిన సైట్ మీద పరీక్షించుకోండి. మన సైట్‌లో లోపం కనబడితే ముందు మాకు రాయండి, అందుకు ప్రత్యేకంగా ఒక ఈమెయిల్ పెట్టాం. రాసినవాళ్లను కసురుకోమని ఈ సభలో మాటిస్తున్నాం. ఆ అబ్బాయి ఇప్పుడు మా ఉపసంఘంలోనే ఉన్నాడు.

చివరగా, మీలో చాలామంది సొంతంగా చీరల సైట్లు పెట్టుకున్నారు. బరంపురం పట్టు గానీ, సోలాపూర్ చద్దర్లు గానీ ఫోన్‌లోనే అమ్ముతున్నారు. సంతోషం. సైట్ చేసిచ్చేవాళ్లను డబ్బు కట్టేముందు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. పట్టికను అడిగే ప్రతి ప్రశ్నా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే పోతోందా? కొనేవాళ్ల పాస్‌వర్డ్‌లు ఎట్లా దాస్తున్నారు? సైట్‌కు పట్టికల మీద ఎంత అధికారం ఇచ్చారు? ప్లగిన్లు, సాఫ్ట్‌వేర్ ఎవరు, ఎప్పుడెప్పుడు అప్‌డేట్ చేస్తారు? బ్యాకప్ ఎక్కడుంది? జవాబు నసిగితే ఇంకొకర్ని చూసుకోండి. వాడని పాత పేజీలుంటే తీసేయించండి. టాక్‌టాక్ మునిగింది వాటివల్లే.

ఇంట్లో ప్రతి ఒక్కరూ చేయగలిగింది కూడా ఉంది. సమాఖ్య సైట్‌కు పెట్టిన పాస్‌వర్డ్ బ్యాంకుకు, ఈమెయిల్‌కు పెట్టకండి. ఒక చోట పోతే అన్ని చోట్లా పోతుంది. స్కాలర్‌షిప్ వచ్చింది, ముందు ఫీజు కట్టండి అని ఎవరు అడిగినా అది మేము కాదు. సమాఖ్య ఎప్పుడూ ఓటీపీ అడగదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మన తాతలు మగ్గం భుజాన పెట్టుకొని ఊరుగాని ఊరు వచ్చారు. అప్పుడు వాళ్ల దగ్గర ఉన్న ఆస్తి నమ్మకమే. సావుకారు పడుగు ఇస్తే చీర తిరిగొస్తుందని నమ్మాడు. మీరు మీ పిల్లల వివరాలు మా చేతిలో పెట్టింది కూడా ఆ నమ్మకంతోనే. ఒకసారి పోగు తెగింది. అతికాం. అతికిన చోట ముడి కనబడుతూనే ఉంటుంది, దాన్ని దాచం. ఇక మీదట ప్రతి ఏడాదీ ఇదే సభలో, జమాఖర్చులతో పాటు, సైట్ భద్రత ఎట్లా ఉందో కూడా మీకు చదివి వినిపిస్తాం. తప్పుంటే అప్పుడే నిలదీయండి.

 చాయ్ చల్లారకముందే ముగిస్తున్నాం.